నూరవ భాగం సంగతేమిటి అయ్యగారూ?

మలాకీ గ్రంథం మూడో అధ్యాయం పదో వచనం మా గుడిలో నెలకు రెండుసార్లయినా వినబడుతుంది. పదో వంతు దేవునిదని, దాన్ని ఎగ్గొట్టినవాడు దేవుని ఇంట్లో దొంగతనం చేసినట్టేనని అయ్యగారు గొంతు పెంచి చెబుతారు. చెప్పాల్సిందే, దాంతో నాకు పేచీ లేదు. నా పేచీ అదే అధ్యాయం ఐదో వచనంతో. కూలివాని కూలి తొక్కిపట్టినవాళ్ళ మీద, విధవరాలినీ తండ్రిలేని బిడ్డల్నీ ఏడిపించినవాళ్ళ మీద దేవుడు తానే సాక్షిగా వచ్చి నిలబడతానంటాడు అక్కడ. పదికి చేరాలంటే ఐదును దాటుకునే పోవాలి కదా! నాకు ఊహ తెలిసి యాభై ఏళ్ళు దాటింది. ఆ వచనం మీద ఒక్క ప్రసంగం వినలేదు.

విధవరాలి రెండు కాసుల కథా అంతే. మార్కు సువార్త పన్నెండో అధ్యాయం నలభై ఒకటో వచనం నుంచి చదువుతారు. నలభైలో ఏముంది? విధవరాళ్ళ ఇళ్ళు మింగేసి, నలుగురూ చూడాలని పొడుగాటి ప్రార్థనలు చేసే పెద్దమనుషుల సంగతి ఉంది. వాళ్ళను తిట్టిన నోటితోనే యేసు ఆ కాసుల మాట ఎత్తాడు. ఆమె చేతిలో రెండే కాసులు ఎందుకు మిగిలాయో పై వచనం చూస్తే తెలిసిపోతుంది. మేం మాత్రం ఆమెను కానుకల సంచి పక్కన నిలబెట్టి, చూడండి ఎలా ఇచ్చిందో అంటాం.

మాది కోయిలకుంట్ల చుట్టుపక్కల ఒక పల్లె. ఊరి పేరు, గుడి పేరు చెప్పను. చెబితే అది ఆ ఒక్క ఊరి తగవనుకుని మిగతా ఊళ్ళు ఊపిరి పీల్చుకుంటాయి.

మా గుడి వాకిలి పక్కన గోడకు వరసగా మేకులున్నాయి. ఒక్కో మేకుకు ఒక్కో గుడ్డసంచి. పిడికిటి బియ్యం సంచులవి. ఎసరు పెట్టిన ప్రతిపూటా ఇంటామె ఒక పిడికెడు తీసి పక్కన పెట్టి, ఆదివారం తెచ్చి అందులో పోస్తుంది. మా జేజి కాలంలో జొన్నలు పోసేవాళ్ళట, ఇప్పుడు బియ్యం. దొర్నకల్ బిషప్ అజరయ్య ఈ పద్ధతిని ఊరూరా గట్టిగా నిలబెట్టాడు. 1912లో బిషప్ అయినవాడు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. మా నంద్యాల వైపు గుళ్ళు కూడా అప్పట్లో ఆయన డయాసిస్‌లోవే. క్రైస్తవుడు ఎలా ఇవ్వాలన్న దాని మీద ఆయన ఒక పుస్తకమే రాశాడు. పూటకు గతిలేని మాల మాదిగ పల్లెలు తమ ఉపదేశిని తామే పోషించుకోవాలని, దొరల డబ్బు మీద ఆధారపడకూడదని ఆయన పట్టుదల. ఆ పిడికిలి వెనక ఆత్మగౌరవం ఉండేది.

ఆ సంచుల్లో ఒకటి మా చిన్నమ్మది. వరసకు చిన్నమ్మ, మొగుడు పోయి పదేళ్ళు. సంక్రాంతి దాటితే మా నల్లరేగడిలో శనగ కోత మొదలవుతుంది. మంచు ఆరకముందే చేలో దిగాలి, ఎండెక్కితే కాయ రాలిపోతుంది. శనగాకు మీద తెల్లారిగట్ల ఉండే ఆ తడి వట్టి నీళ్ళు కాదు, పులుపు. చేతికి గీత పడిందంటే అందులోకి దిగి మండుతుంది. పాత చీరపేలికలు వేళ్ళకు చుట్టుకుని పెరుకుతారు. ఆదివారం ఆమె సంచిలో బియ్యం పోస్తుంటే చూశాను. వేళ్ళ సందుల్లో చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. పిడికిలి పూర్తిగా మూసుకోవడం లేదు. గింజలు జారి కిందపడితే వంగి ఒక్కొక్కటే ఏరి మళ్ళీ సంచిలో వేసింది.

ఆమె మొగుని జబ్బుకు అప్పు తెచ్చింది మా సంఘ పెద్దల్లో ఒకాయన దగ్గర. నలభై వేలు, మూడు రూపాయల వడ్డీ. అంటే నూటికి నెలకు మూడు. మా వైపు ఇది ధర్మవడ్డీ కిందే లెక్క, ఐదూ పదీ గుంజేవాళ్ళున్నారు మరి. మొదటి మూడేళ్ళు ఆమె ఏమీ కట్టలేకపోయింది. ప్రోనోటుకు మూడేళ్ళే గడువు కదా, కాలం చెల్లకముందు తిరగరాయాలి. మూడేళ్ళ వడ్డీ 43,200 అసలులో కలిసి కొత్త నోటు 83,200 అయింది. దాని మీద మళ్ళీ మూడు రూపాయలు. ఆ రెండో మూడేళ్ళలో ఆమె కూలి డబ్బు వెయ్యి, రెండు వేలు చొప్పున ఇస్తూనే వచ్చింది. నోటు వెనక జమ రాయాలన్న సంగతి ఆమెకు తెలియదు, ఆయనకు గుర్తు రాలేదు. గడువు చివరికి లెక్క 1,73,056 తేలింది. పైన యాభై ఆరు రూపాయలు వదిలేస్తున్నానని ఆయన అన్నాడు. దేవుడు మేలు చేస్తాడులే అని కూడా అన్నాడు.

ఈ లెక్కలన్నీ నాకెట్లా తెలుసంటారా? ఆ రెండో నోటు రాసింది నేనే. బడిపంతులును, చేతిరాత బాగుంటుందని ఊళ్ళో నోట్లన్నీ నా చేత రాయిస్తారు. కింద దస్తూరి అని నా సంతకం ఉంది. రెవెన్యూ స్టాంపు మీద ఆమె బొటనవేలు పట్టుకుని అద్దించింది కూడా నేనే. అప్పుడు నా మనసుకు ఏమీ అనిపించలేదు. రాతపనికి ఒక టీ తాగి వచ్చాను.

ఇక ఆమెకు మిగిలింది మొగుని పేర గవర్నమెంటు ఇచ్చిన ఎకరన్నర పట్టా చేను. ఇలాంటి భూములు అప్పులోళ్ళ చేతికి పోకూడదనే 1977లో అసైన్డ్ భూముల చట్టం చేశారు. ఆ సంగతి పెద్దాయనకు నాకంటే బాగా తెలుసు. అందుకే రిజిస్ట్రేషన్ జోలికి పోకుండా స్టాంపు కాగితం మీద ఒప్పందం రాయించుకుని చేను దున్నుకుంటున్నాడు. పట్టా ఆమెది, పంట ఆయనది. నాబోతు ద్రాక్షతోట కోసం రాళ్ళతో కొట్టి చంపాల్సి వచ్చింది పాపం, ఆహాబు రాజుకు ప్రోనోటు సంగతి తెలియదు.

మా వైపుకు డబ్బు తగవులు కొత్తవా? 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మనుషులు దోచింది మా కోయిలకుంట్ల ఖజానానే. తనకు నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల తవర్జీ భరణమే దక్కడం, బంధువుల వంతు కూడా కుంఫిణీ దిగమింగడం, ఆ రగడ అక్కడే మొదలైంది. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను కోయిలకుంట్లలోనే ఉరి తీశారు. ఏటా ఆయన పేరు తలుచుకుని మీసం మెలేసే ఊరు, ఒక ముసలామె చేను పోతే మాత్రం తల గోక్కుంటుంది.

ఆమె అడగలేదా అంటే, అడిగింది. ఒక ఆదివారం సాక్ష్యాల వేళ లేచి నిలబడింది. అందరూ దేవుడు జ్వరం తగ్గించాడనో, కొడుక్కు ఉద్యోగం ఇచ్చాడనో చెప్పే సమయమది. "నేను తెచ్చింది నలభై వేలు. ఇచ్చుకుంటూనే ఉన్నా. నా చేను ఎందుకు పోయిందో ఎవరన్నా చెప్పండయ్యా" అంది. అంతే. గుడి గుడంతా నేలకేసి చూసింది. ఆడవాళ్ళు కొంగులు సర్దుకున్నారు. పెద్దాయన ముందు వరసలో కూర్చుని బైబిలు పేజీలు తిప్పుకుంటున్నాడు. అయ్యగారు రెండు క్షణాలు ఆగి, "ప్రార్థన చేద్దాం" అన్నారు. ప్రార్థన అయింది, కీర్తన పాడారు, ఆమె కూర్చుంది. నేనూ కళ్ళు మూసుకునే ఉన్నాను.

ఆ "ప్రార్థన చేద్దాం" నాకు ఈ రోజుకీ చెవిలో ములుకులా ఉంది.

నెహెమ్యా గ్రంథం ఐదో అధ్యాయం తీసి చూడండి. కరువులో గింజల కోసం చేలూ తోటలూ ఇళ్ళూ కుదువపెట్టి, బిడ్డల్ని దాస్యానికి ఇచ్చుకున్న జనం, ఆడవాళ్ళతో సహా వచ్చి మొరపెట్టుకున్నారు. అప్పిచ్చింది పరాయివాళ్ళు కాదు, సొంత జాతి పెద్దలే. నెహెమ్యా మాటకు ముందు ప్రార్థన చేసే మనిషి. ఇక్కడ మాత్రం ముందు మండిపడ్డాడు. పెద్ద సభ పిలిచి పెద్దల్ని జనం ముందు నిలబెట్టాడు. నేనూ నా అన్నదమ్ములూ కూడా అప్పులిచ్చినవాళ్ళమే అని తన సంగతీ ఒప్పుకున్నాడు. చేలు, తోటలు, ఇళ్ళు ఈ దినమే తిరిగి ఇచ్చేయండి, డబ్బు మీదా ధాన్యం మీదా లాగిన నూరవ భాగమూ ఇచ్చేయండి అన్నాడు. యాజకుల్ని పిలిపించి ఒట్టు పెట్టించాడు, ఒడి దులిపి మరీ చూపించాడు. ఇక దేవునితో మాట్లాడింది అధ్యాయం చివర్లో, పనంతా అయ్యాక.

నూరవ భాగం అంటే ఏమిటో పట్టించుకున్నారా? పండితులు చాలామంది నెలకు నూటికి ఒకటి అనే అర్థం చెప్పారు. మన భాషలో రూపాయి వడ్డీ. రూపాయి వడ్డీకే యెరూషలేములో అంత గగ్గోలు. మా సంఘ పెద్దది దానికి మూడింతలు, పైగా అది ధర్మవడ్డీ!

బల్ల ఆరాధనలో మేం చెప్పుకునే నైసీయ విశ్వాస ప్రమాణానికి పునాది వేసిన సభ 325లో జరిగింది. 1700 ఏళ్ళు నిండాయని 2025లో ప్రపంచమంతా పండగ చేశారు. ఆ సభ విశ్వాస ప్రమాణంతో పాటు ఇరవై కట్టుబాట్లు కూడా రాసింది. పదిహేడోది వడ్డీ గురించి. డబ్బాశతో నూరవ భాగం గుంజే గురువుల్ని పదవిలోంచి తీసేయమంది. అది గురువుల మాటే, సంఘ పెద్దల మాట కాదు కదా అని లాయరు ప్రశ్న వేసేవాళ్ళున్నారు, నాకు తెలుసు. గురువుకు తప్పయింది పెద్దకు ఒప్పెలా అవుతుందో వాళ్ళే చెప్పాలి. ప్రమాణం కంఠతా వచ్చు మాకు, కట్టుబాటు పేరు కూడా వినలేదు.

ఆ తర్వాత నలభై ఏళ్ళు దాటాక కప్పదొకియలో కరువొచ్చింది. కైసరయ గురువు బాసిల్ ధాన్యం దాచుకున్న ఆసాముల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, లూకాలో కొట్లు పడగొట్టి పెద్ద కొట్లు కట్టుకోవాలనుకున్న వెర్రివాని ఉపమానం మీదే ప్రసంగం చేశాడు. అలాంటి ప్రసంగం మా వైపు చేయాలంటే ఉదాహరణకు వెతుక్కోనక్కర్లేదు, రోడ్డు పక్క శనగ గోడౌన్లు చాలు. ధర లేక నాలుగు బస్తాలు దాచుకుని ఏడ్చే చిన్న రైతును అనడం లేదు నేను. ఆ రైతు దగ్గర అప్పు కింద కల్లంలోనే కొలిపించుకుని గోడౌను నింపేవాణ్ణి అంటున్నాను. వాడు గుడికి వస్తాడు, పదో వంతు ఇస్తాడు, మైకులో వాని పేరు చదువుతారు. ఇక ఈ మధ్య వచ్చిన దీవెన ప్రసంగాలైతే వాని కారు చూపించి, విశ్వాసముంటే నీకూ వస్తుందంటున్నాయి. దరిద్రం నీ అవిశ్వాసమేనని తేల్చేశాక ఇక అప్పిచ్చినవాణ్ణి అడిగేదెవరు?

మా పిల్లలు ఆదివారపు బడిలో జక్కయ్య పాట పాడతారు. పొట్టివాడు చెట్టెక్కడం చేతులు తిప్పి అభినయిస్తారు, చూడ ముచ్చటగా ఉంటుంది. చెట్టు దిగాక అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు కదా, దానికి అభినయం ఎవరూ నేర్పలేదు. అసలు యేసు ఆ ఇంటికి రక్షణ వచ్చిందని చెప్పింది ఆ లెక్క విన్న తర్వాతే.

పోయిన కోత పండుగ నాడు చిన్నమ్మ ఒక సొరకాయ తెచ్చింది. ఆనవాయితీ ప్రకారం తెచ్చినవన్నీ వేలం వేశారు. పెద్దాయన ఆ సొరకాయను రెండు వేలకు పాడుకున్నాడు. గుడంతా చప్పట్లు. ఆమె నోటు మీద నెల వడ్డీ 2,496. ఆ సొరకాయకు ఆయన పెట్టింది ఆమె నెల వడ్డీ కంటే తక్కువ. లెక్కలు చెప్పి బతికినవాణ్ణి, నాకు అక్కడే కూర్చుని ఈ తీసివేత తోచింది, చప్పట్లు మాత్రం నేనూ కొట్టాను.

మేం ఎక్కణ్ణుంచి వచ్చామో మరిచిపోయాం. 1876లో ధాత కరువు వచ్చినప్పుడు మా తాతల తాతలు ఆకులు నమిలారు. ఆ కరువు తర్వాతే తెలుగు దేశంలో పల్లెలకు పల్లెలు బాప్తిస్మం తీసుకున్నాయి. ఒంగోలు వైపు మిషనరీ క్లౌ దొర కరువు పనికి కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి సరిగా ఇప్పించాడు, 1878 జులైలో ఒకే రోజు 2,222 మంది నీళ్ళలో దిగారు. గంజి కోసం మతం మారారని ఇప్పటికీ మమ్మల్ని ఎగతాళి చేసేవాళ్ళున్నారు. నేనంటాను, ఆ ముసలోళ్ళకు ఉన్న ఇంగితం మాకు లేదు. వడ్డీ షావుకారు ఒక్కణ్ణే చూసినవాళ్ళకు, అప్పు లేకుండా అన్నం పెట్టిన మనిషి దేవుని మనిషిలా కనబడ్డాడు. ఇప్పుడు ఆ షావుకారే మా మొదటి బెంచీలో కూర్చున్నాడు.

పోయిన నెల నేను పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఆమె కట్టిన డబ్బులు ఆమె చెప్పగా ఒక కాగితం మీద రాసుకుని పోయాను, నోటు వెనక జమ వేయమని. మర్యాదగానే కూర్చోబెట్టాడు. "పంతులూ, గుడి విషయం గుడిలో, డబ్బు విషయం డబ్బులో" అన్నాడు. అయ్యగారి దగ్గరికి పోయాను. "రెండు వైపులా మనవాళ్ళే కదా, సంఘం చీలిపోతుంది" అన్నారు. సంఘం చీలకూడదు, నిజమే. చేను చీలితే ఏమీ కాదు.

చిన్నమ్మ తాడిపత్రిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. నాపరాళ్ళ పాలిషు ఫ్యాక్టరీలో అల్లునికి పని, అక్కడ ఆమె మనవళ్ళను చూసుకుంటుందట. బస్సు ఎక్కించడానికి గుడివాళ్ళు ఎవరూ రాలేదు. ఏమైందని అడిగినవాళ్ళు లేరు. ఆమె సంచి ఇంకా ఆ మేకుకే ఉంది, కింద నాలుగు గింజలతో. మొన్న ఆదివారం కోశాధికారి నెల లెక్క చదువుతూ, ఈసారి పిడికిటి బియ్యం కొంచెం తగ్గిందని, అక్కలు ఆలోచించాలని చెప్పాడు.