చెవిపోటుకు నూనె ఒక్కటే మందా?

చెవిపోటు అనగానే వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయడం మన ఇండ్లలో ఆనవాయితీ. ఇది అన్నివేళలా తగదని నా అభిప్రాయం. సుశ్రుతుడు 28 కర్ణరోగాలను పేర్కొన్నాడు. అన్నింటికీ ఒకే చికిత్స ఎలా సరిపోతుంది?

గుబిలి చెవికి సహజ రక్షణ. పిన్నీసులతో, పుల్లలతో తోడితే లోపలి చర్మం గీరుకుపోతుంది. అక్కడ తడి నిలిస్తే సూక్ష్మజీవులు చేరి దురద, వాపు, చీము కలుగుతాయి. చెవి డొప్పను లాగితే నొప్పి హెచ్చడం దీని గుర్తు.

వాతం వలన కలిగే పోటుకు కర్ణపూరణం శాస్త్రోక్తమే. కాని చీము కారుతున్నా, కర్ణభేరికి రంధ్రమున్నా చుక్క నూనె కూడా పోయరాదు. చెవిని తడవనీయక వైద్యునికి చూపాలి. శుభ్రపరచి తగిన చుక్కల మందు వేస్తే సాధారణంగా వారం పది రోజులలో తగ్గుతుంది. మధుమేహ రోగులు జాప్యం చేయరాదు. వ్యాధి ఎముకకు పాకవచ్చు.

ఇంటి వైద్యం మంచిదే, రోగమేదో తెలిసిన తరువాత.