పన్నెండు రోజుల హోటల్

జూబ్లీహిల్స్‌లో బంగ్లానో, కేఫ్ మేడనో నాలుగు రోజులకు అద్దెకు తీసుకుని వడ్డిస్తే దాన్ని పాప్-అప్ రెస్టారెంట్ అంటున్నారు. పేరు కొత్తదే. జాతరలో పందిరి వేసి పొయ్యి వెలిగించేవాళ్లకు పని మాత్రం పాతదే.

చిక్కల్లా జాగా దగ్గరే. నాలుగు రోజుల ఒప్పందం చాలాసార్లు లీజు కాదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం దాన్ని లైసెన్సు అంటుంది, అంటే అక్కడ ఉండనిచ్చే అనుమతే తప్ప ఆస్తిపై హక్కు కాదు. కాబట్టి నీళ్లు, కరెంటు, చెత్త ఎవరి బాధ్యతో, అడ్వాన్సు ఎప్పుడు తిరిగొస్తుందో కాగితం మీద ఉండాలి. నోటిమాట మీద నడిస్తే నష్టం వంటవాళ్లదే. ఆహార భద్రత నిబంధనలు తాత్కాలిక స్టాళ్లకూ రిజిస్ట్రేషన్ అడుగుతాయి.

ఇలాంటి తాత్కాలిక హోటళ్లకు పుష్కరాలూ తగిన చోటే. భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో 2025 మే 15 నుంచి 26 వరకు పన్నెండు రోజులు సరస్వతీ పుష్కరాలు జరిగాయి. 2027లో గోదావరి పుష్కరాలు. తేదీలు ఇంత ముందే తెలిసే వేడుకలు అరుదు. 1938లో మొదలైన హైదరాబాద్ నుమాయిష్ ప్రదర్శన మాదిరిగా, స్టాళ్ల కేటాయింపు పుష్కరాలకూ ముందే చేపట్టవచ్చు.

కొలిచిన జాగా, నల్లా, మురుగు కాలువ, బోర్డు మీద రాసిన అద్దె: ఇవి ఇప్పుడే సిద్ధం చేయాలి. తొలి వాటా స్థానిక మహిళా సంఘాలకు దక్కాలి.