రెండు జొన్న రొట్టెలకు రెండొందల నలభై!

పోయిన నెల మా ఇంట్లో ఒక బిల్లు మీద పెద్ద పంచాయితీ అయింది. బిల్లు 6,006 రూపాయలు. తిన్నది ముగ్గురం: అమ్మ, బాపు, నేను. అమ్మకు నేను చెప్పింది పన్నెండు వందలు. మరుసటి రోజు నా చొక్కా ఉతకబోతూ జేబులో కాగితం చూసింది. అమ్మకు ఇంగ్లిష్ రాదు. కానీ అక్షరాలు రాకపోయినా అంకెలు అందరికీ వస్తాయి కదా!

అయితే ఈ వారం నేను చెప్పాలనుకున్నది ఆ ఆరువేల గురించి కాదు. ఆ రోజు అంతకంటే ఖరీదైంది ఒకటి పోగొట్టుకున్నా. దాని గురించి.

మాది ఎల్లారెడ్డి దగ్గర చిన్న ఊరు. బాపు వ్యవసాయం. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. నా బీటెక్ నాలుగేళ్లు హాస్టల్ మెస్ బిల్లు కట్టింది బాపు మక్కలు అమ్మిన పైసలే. అమ్మా బాపుల పెళ్లయి ముప్పై ఏళ్లు అయిన సందర్భంగా ఒక్కసారన్నా వాళ్లను మంచి రెస్టారెంట్‌లో కూర్చోబెట్టి తినిపించాలని నా ఆశ. రీల్స్‌లో చూసి చూసి ఒకటి సెలెక్ట్ చేశా. ఫైన్ డైనింగ్, మన ప్రాంతాల వంటలు, మసక లైట్లు, ఇత్తడి ప్లేట్లు. పేరు ఎందుకులెండి, తప్పు వాళ్లది కాదు.

వాళ్లు పొద్దున్నే ఎల్లారెడ్డిలో బస్సెక్కి, కామారెడ్డిలో దిగి, అక్కడ ఇంకో బస్సు పట్టుకుని జేబీఎస్‌కు వచ్చారు. 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి పథకం ఉంది కాబట్టి అమ్మకు జీరో టికెట్. "ఆధార్ కార్డు చూపెట్టిన, పైస తీసుకోలే" అని మురిసిపోయింది. పైస ఖర్చు లేకుండా వచ్చిన మనిషిని తీసుకుపోయి నేను ఆ మెనూ ముందు కూర్చోబెట్టా.

లోపలికి వెళ్లగానే ఒక కుర్రాడు వచ్చి బాపు కోసం కుర్చీ వెనక్కి లాగాడు. బాపు కూర్చోలేదు. ఆ కుర్చీని తనే పట్టుకుని, "వద్దు బిడ్డా, నేను ఏసుకుంట" అన్నాడు. కుర్రాడు నవ్వాడు. నాకు మాత్రం ఎవరన్నా చూస్తున్నారేమో అనిపించింది. సమస్య అక్కడే మొదలైంది, నాకు తెలియలేదు.

ముందుగా చిన్న గాజు గ్లాసుల్లో పచ్చిపులుసు తెచ్చారు. అమ్మ ఒక గుక్క తాగి, "ఉల్లిగడ్డ ఏది?" అంది. తర్వాత మెనూ వచ్చింది. అమ్మ వేలు కుడివైపు అంకెల మీద పై నుంచి కిందికి పోయి ఆగింది. "నాకు ఆకలైతలేదు బిడ్డా, బస్సుల తిన్నం" అంది. అబద్ధం. ఒక చోట రెండు జొన్న రొట్టెలు 240 రూపాయలని నేను చదివి వినిపించేసరికి, "గా పైసలకు నెల రోజులు చేసి పెడత గదరా!" అంది.

అయినా రొట్టెలు, నాటుకోడి పులుసు, ఇంకో రెండు మూడు ఐటమ్స్ ఆర్డర్ చేశా. రొట్టె రాగానే బాపు ముఖం వెలిగింది. తుంచి, పులుసులో ముంచి, వేళ్లతో జుర్రుకుంటూ తింటున్నాడు. అంతలో ఊరి నుంచి ఫోన్. బోరు మోటారు గురించి. పొలంలో మాట్లాడినట్టే గట్టిగా మాట్లాడాడు. పక్క టేబుల్ వాళ్లు ఒకసారి తల తిప్పారు. అంతే. నా నోట్లోంచి వచ్చేసింది.

"బాపూ, మెల్లగ. అందరూ చూస్తున్నరు. స్పూన్‌తో తిను."

బాపు ఫోన్ పెట్టేశాడు. చేయి తుడుచుకున్నాడు. స్పూన్ పట్టుకున్నాడు. జొన్న రొట్టెను స్పూన్‌తో ఎట్లా తింటారో మీకు తెలిస్తే చెప్పండి! ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు. పళ్లెంలో మెతుకు మిగలనివ్వని మనిషి సగం రొట్టె వదిలేసి లేచాడు.

మర్నాడు బిల్లు పంచాయితీ అయ్యాక అమ్మ అసలు సంగతి చెప్పింది.

మా దగ్గర నిజాంసాగర్ ఉంది. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. మంజీర నది మీద అంత పెద్ద ప్రాజెక్టు పక్కనే ఉన్నా, కాలువ నీళ్లు పోయేది దిగువన బాన్సువాడ, బోధన్ వైపు. మా చెల్కలకు వానే దిక్కు. బాపు చిన్నప్పుడు రోజూ జొన్న గట్క, జొన్న రొట్టె. వరి అన్నం పండగకే. హైస్కూల్‌కు పోతే, ఉన్నోళ్ల పిల్లలు అన్నం తెచ్చుకునేవాళ్లట. బాపు రొట్టెను గుడ్డలో చుట్టుకుని పోయి, ఎవరూ చూడకుండా చెట్టు వెనక కూర్చుని తినేవాడట.

"గప్పుడు రొట్టె తినుడే సిగ్గనుకున్నడు. ఇయ్యాల గంత పెద్ద హోటల్ల అదే రొట్టె చూసి మస్తు సంబురపడ్డడు. నువ్వు మళ్ల గట్లనే చేస్తివి" అంది అమ్మ.

నాకు ఇంకేం మాట రాలేదు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత ఆ రొట్టె ఇత్తడి ప్లేటులో, 240 రూపాయల రేటుతో, దర్జాగా ఆయన ముందుకొచ్చింది. ఈసారి చెట్టు వెనక్కి పంపింది కన్నకొడుకు!

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో పెద్ద పెద్ద రెస్టారెంట్ల గురించి చదువుతూ కూర్చున్నా. ఢిల్లీలో ఐటీసీ మౌర్య హోటల్‌లో బుఖారా అని ఉంది. 1978 నుంచి నడుస్తోంది. అమెరికా అధ్యక్షులు వచ్చి తిన్న చోటు. అక్కడ టేబుల్ మీద స్పూన్లు, ఫోర్కులు పెట్టరు. మెడకు గుడ్డ కట్టి, చేత్తో తినమంటారు. న్యూయార్క్‌లో సెమ్మ అనే దక్షిణ భారత వంటల రెస్టారెంట్ 2022లో మిషెలిన్ స్టార్ తెచ్చుకుంది. అక్కడ పేరున్న వంటకాల్లో ఒకటి నత్తల వేపుడు. దాని షెఫ్ విజయ్ కుమార్ చిన్నప్పుడు పొలాల్లో నత్తలు ఏరుకుని తిన్నవాడు. అది పేదోళ్ల తిండి అని అప్పట్లో బయట చెప్పుకోవడానికి సిగ్గుపడేవాడట. అదే వంటను ఇప్పుడు న్యూయార్క్‌లో టేబుల్ బుక్ చేసుకుని మరీ తింటున్నారు. మన జొన్నల సంగతీ అంతే. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది, ఆ ఏడాది ఢిల్లీ జీ20 విందులో కూడా చిరుధాన్యాల వంటలు వడ్డించారు.

అంటే తిండికి సిగ్గు లేదు. ఖరీదైన చోట చేత్తో తినడం తప్పూ కాదు. ఆ హోటల్లో ఎవరూ బాపును ఏమీ అనలేదు. కుర్చీ లాగిన కుర్రాడు నవ్వుతూనే ఉన్నాడు. నన్ను చూస్తున్నారని భయపడింది నేనే. ఆఫీసులో నాలుగేళ్లుగా టీమ్ లంచ్‌లకు వెళ్లి, పక్కోళ్లు ఏ ఫోర్క్ పడితే అది పట్టుకుని నేర్చుకున్న భయం అది. దాన్ని బాపు చేతిలో పెట్టా.

మీరు కూడా ఊరి నుంచి అమ్మానాన్నలను ఇట్లాంటి చోటుకు తీసుకుపోవాలనుకుంటే, నా అనుభవంతో నాలుగు మాటలు.

ఒకటి, మెనూ ముందే ఆన్‌లైన్‌లో చూసి ఏం తినాలో మీరే అనుకోండి. రేట్లున్న కాగితం వాళ్ల చేతికి ఇచ్చి "ఏం కావాలో చెప్పు" అనకండి. వాళ్లు ఆకలి చూడరు, అంకె చూస్తారు.

రెండు, మా అమ్మ బిల్లులో పట్టుకున్న పాయింట్. తిన్నది 5,200. దాని మీద సర్వీస్ ఛార్జ్ పది శాతం, 520. రెండూ కలిపిన 5,720 మీద ఐదు శాతం జీఎస్టీ, 286. "పెట్టినందుకు మళ్ల ఐదొందలా?" అంది. అడిగింది కరెక్టే. సర్వీస్ ఛార్జ్‌ను బిల్లులో తప్పనిసరిగా వేయొద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఇష్టమైతే ఇవ్వొచ్చు, లేదంటే మర్యాదగా తీసేయమని అడగొచ్చు. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. నేను అడగలేదు. సిగ్గు! జీఎస్టీ మాత్రం కట్టాల్సిందే. మామూలు రెస్టారెంట్‌లో ఐదు శాతం, రోజు గది అద్దె 7,500 దాటే స్టార్ హోటల్ లోపలైతే పద్దెనిమిది శాతం.

మూడు, రేటు గురించి అబద్ధం చెప్పకండి. చెప్పినా చొక్కా జేబు చూసుకోండి.

నాలుగు, వాళ్లు ఎట్లా తింటే అట్లా తిననివ్వండి. వీలైతే మీరూ స్పూన్ పక్కన పెట్టండి.

తర్వాతి శనివారం నేను ఊరికి పోయా. కామారెడ్డిలో బస్సు మారేటప్పుడు ఏం మాట్లాడాలో మనసులో పదిసార్లు అనుకున్నా. పొద్దున అమ్మ పొయ్యి మీద రొట్టెలు చేస్తోంది. బాపు పక్కనే కింద కూర్చున్నా. "బాపూ, ఆ రోజు నాదే తప్పు" అన్నా. అనుకున్నవన్నీ మర్చిపోయి అదొక్కటే వచ్చింది.

బాపు రొట్టె తుంచి, తొక్కు అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. నా వైపు చూడలేదు. కొంచెం సేపాగి, "గా కోడి పులుసుల మసాల ఎక్కువేసిండ్రు రా" అన్నాడు. ఇంకొంచెం సేపాగి, "కుర్సీ మాత్రం మంచిగుండె" అన్నాడు.

అమ్మ ఇంకో రొట్టె నా పళ్లెంలో వేసింది. "తిను. దీనికి జీఎస్టీ లేదు" అంది.