నెక్స్ట్, నెక్స్ట్, సబ్మిట్

దసరా సెలవుల్లో ఇంటికెళ్తే అక్క తన లాప్‌టాప్ నా ఒళ్లో పెట్టి, "ఇవాళే లాస్ట్ డేట్ రా, ఈ ట్రైనింగ్ కొంచెం కానిచ్చెయ్, నాకు రిలీజ్ ఉంది" అంది. అక్క హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. ఆ ట్రైనింగ్ పేరు పోష్. ఆఫీసుల్లో ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులు జరక్కుండా 2013లో వచ్చిన చట్టం గురించి ఏటా చెప్పే పాఠం. వీడియో టూ ఎక్స్‌లో పెట్టాను. నెక్స్ట్, నెక్స్ట్, సబ్మిట్. పదికి పది. సర్టిఫికెట్ అక్క పేరు మీద వచ్చింది.

"అంతా కామన్ సెన్సే కదక్కా" అన్నాను. అక్క కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పింది (అడిగే రాస్తున్నా). ట్రైనీగా ఉన్నప్పుడు తన లీడ్ రాత్రి పదకొండు దాటాక మెసేజ్‌లు పెట్టేవాడట. మొదట కోడ్ గురించి, తర్వాత డీపీ గురించి, తర్వాత డీపీలో కట్టుకున్న చీర గురించి. రిప్లై ఇవ్వకపోతే మర్నాడు రివ్యూలో కోడ్ మొత్తం తప్పే. నాలుగు నెలలు చూసి, 'కొత్త టెక్నాలజీ నేర్చుకోవాలి' అని మెయిల్ పెట్టి ప్రాజెక్ట్ మారిపోయింది. నేర్చుకోవాలని ఎంత తపనో అని ఇంట్లో మేం మురిసిపోయాం.

"కంప్లైంట్ ఇవ్వలేదేం?"

"ఏమని రాయాలి రా? ఇబ్బంది పెట్టాడు అనా?"

మన ఇళ్లల్లో బస్సు లేటైనా ఇబ్బందే, కరెంటు పోయినా ఇబ్బందే, వాడు చేసిందీ ఇబ్బందే. 'లైంగిక వేధింపులు' అన్నది పేపర్లో చదివే మాట, నాన్న ముందు నోటితో అనలేం. చట్టం ఈ చిక్కుని కొంత ఊహించింది. ఒంటి మీద చెయ్యి వేస్తేనే వేధింపు అనుకోనక్కర్లేదు, ఇష్టం లేని ఆ తరహా మాటలూ, చేష్టలూ వేధింపే. ఫిర్యాదు రాసివ్వాలి, కానీ రాయలేకపోతే కమిటీ వాళ్లే రాయడానికి సాయం చేయాలి. నేను పదికి పది తెచ్చుకున్న క్విజ్‌లో ఈ సంగతి లేదు.

ఈ చట్టం ఊరికే రాలేదు. 1992లో రాజస్థాన్‌లో భన్వరీ దేవి అనే గ్రామ కార్యకర్త ఒక బాల్యవివాహం ఆపబోయినందుకు సామూహిక అత్యాచారానికి గురైంది. ఆ తర్వాత మహిళా సంఘాలు వేసిన కేసులోనే 1997లో సుప్రీంకోర్టు విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. (విశాఖ అంటే వైజాగ్ కాదు, కేసు వేసిన ఒక సంఘం పేరు. నేనూ వైజాగే అనుకున్నా.) చట్టం కావడానికి ఇంకో 16 ఏళ్లు పట్టింది.

ఇక సమ్మర్‌లో ఇంటర్న్‌షిప్‌కి వెళ్లబోయే మన సంగతి. ట్రైనీలు, అప్రెంటిస్‌లు, జీతం లేకుండా పనిచేసేవాళ్లు కూడా ఈ చట్టం కిందికి వస్తారు. ఆఫీసు క్యాబ్ కూడా ఆఫీసే. పదిమంది పనిచేసే ప్రతిచోటా కమిటీ ఉండాలి. చిక్కంతా గడువుతో. చివరి ఘటన నుంచి మూడు నెలల్లో ఫిర్యాదు ఇవ్వాలి, సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పెంచొచ్చు. ఇంటర్న్‌షిప్ రెండు నెలలు. 'ఆఫర్ లెటర్ చేతికొచ్చాక చూద్దాంలే' అనుకునేలోపు గడువు దాటిపోతుంది. ఆ ఆఫర్ ఇప్పించేది కూడా చాలాసార్లు ఆ మెంటరే.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది వేరే విషయం. ఆ రివ్యూ మీటింగుల్లో ఇంకో ఐదుగురు కూర్చునేవారట. ఐదుగురి దగ్గరా ఈ సర్టిఫికెట్ ఉండే ఉంటుంది. పక్కన కూర్చున్నవాడు ఏం చేయాలి అన్న ప్రశ్న క్విజ్‌లో ఒక్కటీ లేదు. ఉన్నా నేను టూ ఎక్స్‌లోనే దాటేసేవాణ్ణేమో, అది వేరే సంగతి.

కంపెనీలు ప్లేస్‌మెంట్‌కి వచ్చినప్పుడు సీనియర్ల వెనక కూర్చుని వింటుంటాను. ప్యాకేజీ ఎంత, బాండ్ ఎన్నేళ్లు, లొకేషన్ ఎక్కడ, అన్నీ అడుగుతారు. మీ కమిటీలో ఎవరున్నారు, ఇంటర్న్‌కి వాళ్ల నంబర్ మొదటి రోజే ఇస్తారా అని ఎవరూ అడగ్గా వినలేదు. ఈసారి చెయ్యెత్తుతా. ఆ ప్రశ్న తెలుగులో అడగాలా ఇంగ్లీషులో అడగాలా అన్నదే ఇంకా తేల్చుకోలేదు.