పాత మిక్సరు, కొత్త లాప్‌టాపు, మధ్యలో మనం

ఉన్న డీజే సామానంతా వచ్చిన ధరకి అమ్మేసి కొత్త కంట్రోలరు కొనుక్కోమని తేలిగ్గా సలహా పడేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లుమంట. మన ఆఫీసుల్లోనూ ఈ జబ్బుంది. "లెగసీ" అన్న మాట చెవిన పడగానే పీకి పారేసి మొదట్నించీ రాసేద్దామంటాం. డబ్బు కంపెనీది, పోతే మనకేం పోయింది? పల్లెటూళ్లో సౌండ్ సర్వీసు నడుపుకునేవాడి సంగతి అలా కాదు. ఆయన లెగసీ సిస్టం వడ్డీకి తెచ్చిన డబ్బుతో కొన్నది.

మాది దొరవారిసత్రం వైపు. హైవే మీద చెన్నై పోతుంటే నాయుడుపేట దాటాక, సూళ్లూరుపేట రాకముందు తగులుతుంది. 2022లో జిల్లా మారి తిరుపతిలో కలిసింది గానీ మాటా యాసా ఇంకా నెల్లూరువే. మావైపు పెళ్లి ఊరేగింపుకైనా, వినాయకుడి నిమజ్జనానికైనా, తిరునాళ్లకైనా డీజే ఉండాల్సిందే. సామానుకి చెన్నై రిచీ స్ట్రీటుకి పోతారు. నాకు వరసకి మావయ్య ఒకాయనకి ఇలాంటి సర్వీసే ఉంది. నాలుగు చానెళ్ల మిక్సరు, రెండు సీడీ ప్లేయర్లు, ఆంప్లిఫయర్లు, బాక్సులు. లాప్‌టాపు కొన్నాక "ఇక ఆ మిక్సరూ ప్లేయర్లూ తుక్కే" అని ఎవరో షాపులో చెప్పారట. వెంటనే నాకు ఫోను: "అల్లుడూ, నువ్వు కంప్యూటర్ల మీదే కదా బతికేది, వీటిని దానికి తగిలించలేమా?"

తగిలించొచ్చు. ఒకటి కాదు, మూడు దారులున్నాయి.

మొదటిది అన్నిట్లోకీ తేలిక. సీడీ ప్లేయర్ల పని సాఫ్ట్‌వేరుకి అప్పగించి, మిక్సరు పని మిక్సరుకే వదిలెయ్యడం. చిక్కల్లా లాప్‌టాపు హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి వచ్చేది ఒకే ఒక్క స్టీరియో జత. రెండు డెక్కులూ అందులోనే కలిసిపోయి వస్తాయి. అప్పుడు మిక్సరు ఉన్నా దండగే, తరవాతి పాటని హెడ్‌ఫోన్లో ముందుగా వినే వీలూ ఉండదు. దీనికి మందు నాలుగు అవుట్‌పుట్లున్న యూఎస్‌బీ సౌండ్ కార్డు. డెక్ 1 మిక్సరు ఒకటో చానెల్లోకి, డెక్ 2 రెండో చానెల్లోకి. సాఫ్ట్‌వేరు సెట్టింగుల్లోనూ మాస్టర్ బదులు ఏ డెక్కుకి ఏ అవుట్‌పుట్టో విడివిడిగా చెప్పాలి. వైర్లు మిక్సరు వెనక "లైన్" అని రాసున్నచోటే గుచ్చాలి, "ఫోనో"లో కాదు. ఫోనో అనేది గ్రామఫోను ముల్లు నించి వచ్చే కొద్ది మిల్లీవోల్టుల కోసం పెట్టింది. అందులోకి సౌండ్ కార్డు సిగ్నల్ పంపితే పాట బదులు గోల వస్తుంది.

రెండో దారి నాకు మహా ఇష్టం. దీంట్లో సీడీ ప్లేయర్ల మీద చెయ్యి అలవాటుని కూడా వదులుకోనక్కర్లేదు. టైంకోడ్ సీడీ అని ఉంటుంది. అందులో పాట ఉండదు, కూతలాంటి ఒక టోను ఉంటుంది. సెరాటో వాళ్లదైతే 1 కిలోహెర్ట్జ్. ప్లేయరు నించి ఆ టోను సౌండ్ కార్డు ఇన్‌పుట్‌లోకి వెళ్తుంది. టోను స్థాయి పెరిగితే ప్లేయరు వేగం పెరిగినట్టు. కుడి ఎడమ చానెళ్ల మధ్య పావు చుట్టు తేడా ఉంటుంది కాబట్టి ఏది ముందుందో చూసి పాట ముందుకెళ్తోందా వెనక్కా అని తేలుస్తారు. టోనులోనే దాచిన బిట్ల వల్ల ఎక్కడున్నామో తెలుస్తుంది. ఆ లెక్కన కంప్యూటర్లో పాట నడుస్తుంది. 2000ల మొదట్లో డచ్చి వాళ్ల ఫైనల్ స్క్రాచ్‌తో ఈ పద్ధతి జనంలోకి వచ్చింది. ఒక్క జాగ్రత్త: టైంకోడుని ఎంపీ3 చేసి సీడీ రాయకండి. ఎంపీ3 కుదించేటప్పుడు చెవికి తెలియదనుకున్నదాన్ని పారేస్తుంది, ఇక్కడ కావాల్సింది సరిగ్గా అదే.

మూడోది మిడి. మీ దగ్గరున్న పెట్టెకి మిడి ఉంటే, ప్రతి మీటా ప్రతి గుబ్బా చిన్న చిన్న సందేశాలు పంపుతుంది, విలువలు 0 నించి 127 దాకా. ఏ సందేశానికి ఏం చెయ్యాలో రాసిపెట్టిన ఫైలే మ్యాపింగు. మిక్స్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరులో, స్పెల్లింగులో మూడు ఎక్సులున్నది, ఇది ఎక్స్ఎంఎల్, జావాస్క్రిప్టుల్లో ఉంటుంది. మనం రోజూ ఆఫీసులో చేసే చాకిరీతో పోలిస్తే ఇదొక ఆదివారం మధ్యాహ్నం పని.

ఇక లేటెన్సీ. సెకనుకి 44,100 శాంపిళ్లు అనుకుంటే, 1024 శాంపిళ్ల బఫరంటే సుమారు 23 మిల్లీసెకన్లు, 256 అంటే 6. తగ్గించేకొద్దీ చెయ్యి కదిపిన వెంటనే పాట కదులుతుంది, కానీ లాప్‌టాపు అందుకోలేక చిటపటలు మొదలౌతాయి. ఇంట్లో ఓ పూటంతా నడిపి చూసి అంకె ఖాయం చేసుకోండి. వైఫై, అప్‌డేట్లు ఆపెయ్యండి. తాళి కట్టే వేళకి కంప్యూటరు తనంతట తను రీస్టార్ట్ అయితే అంతకన్నా పరువు తక్కువ ఇంకోటి లేదు :)

నవ్వులాట కానిది ఇంకోటుంది. లాప్‌టాపు చార్జరు పెట్టగానే బాక్సుల్లో "గుంయ్" మంటుంది. దానికి చాలామంది చేసే వైద్యం ప్లగ్గుకున్న ఎర్తు పిన్ను విరగ్గొట్టడం. హమ్ పోతుంది నిజమే. కానీ తడి నేల, షామియానా, ఇనప స్టాండ్లు, జనరేటరు, వీటి మధ్య ప్రాణాన్ని కాపాడేది ఆ పిన్నే. సౌండ్ కార్డుకీ మిక్సరుకీ మధ్య ఒక ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టండి, లేదా అన్నిటికీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నించి కరెంటివ్వండి. పిన్ను జోలికి మాత్రం పోవద్దు.

ఇంతకీ నా అసలు గొడవ ఇది. మిడి 1983లో వచ్చింది. అమెరికాలో డేవ్ స్మిత్, జపాన్‌లో కాకెహాషి, ఒకరికొకరు పోటీ కంపెనీల వాళ్లు, కలిసి కూర్చుని తేల్చుకుని, లైసెన్సు రుసుము లేకుండా అందరికీ వదిలేశారు. నలభై ఏళ్లు దాటినా ఆ కాలం పెట్టె ఈనాటి లాప్‌టాపుతో మాట్లాడుతుంది. అదే సొంత డ్రైవరు ఉంటే తప్ప పలకని యూఎస్‌బీ పెట్టెల గతి చూడండి. కంపెనీ డ్రైవరు రాయడం మానేసిన రోజు అవి ఇటుకరాళ్లు. 2019లో మాక్ కేటలీనాలో 32 బిట్ ప్రోగ్రాములు ఆపేసినప్పుడు, చెడిపోని సామాను ఎంతమంది దగ్గర మూలపడిందో. పెట్టె బాగానే ఉంది, చచ్చింది సాఫ్ట్‌వేరు. అది రాసేది మనలాంటివాళ్లమే. అందుకే కొనేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: డ్రైవరు లేకుండా పనిచేసే, క్లాస్ కంప్లయంట్ అంటారే, అది అడిగి కొనండి.

కొత్త కంట్రోలర్లు పనికిరానివని అనట్లేదు. చేతిలో ఏమీ లేకుండా మొదలుపెట్టే కుర్రాడికి అదే మంచిది. ఒకే వైరు, బరువు తక్కువ. ఉన్నవాడి చేత ఉన్నది పారేయించడమే నాకు నచ్చనిది.

"అసలే డీజేల మోతతో చస్తుంటే నువ్వు సాయం కూడానా?" అనేవాళ్లుంటారు. న్యాయమే. హైదరాబాదులో పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలని నిషేధించేదాకా వచ్చింది. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లే హద్దు, రాత్రి పది నించి పొద్దున ఆరు దాకా మైకు బంద్. మా మండలంలోనే నేలపట్టు ఉంది, గూడబాతులు గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచే చోటు. అవి వచ్చేదీ చలికాలంలోనే. అక్కడ బేసు అదరగొట్టడం గొప్పేం కాదు. కానీ మోత పెంచేది సాఫ్ట్‌వేరు కాదు, ఆంప్లిఫయరు మీదున్న చెయ్యి. సరిగ్గా తగిలించడం నేర్చుకున్నవాడికి మిక్సరు ఎర్రలైటు అంటే ఏమిటో తెలుస్తుంది: సిగ్నల్ తల తెగిపోతోందని, ట్వీటర్లు కాలిపోతాయని. గట్టిగా పెట్టడం వేరు, బాగా పెట్టడం వేరు. ఆ తేడా చెప్పేవాడు ఊళ్లో ఒకడుండాలి.

సంక్రాంతికి ఊరెళ్తాం కదా. మూడు రోజులు ఫోను గోక్కుంటూ కూర్చునే బదులు, మీ ఊరి సౌండ్ సర్వీసాయన దగ్గర ఏ మోడలు పెట్టెలున్నాయో చూడండి. దానికి మ్యాపింగు లేకపోతే రాసి అందరికీ పెట్టండి, ఎలా తగిలించాలో తెలుగులో ఓ పేజీ రాసివ్వండి. మనకి ఖర్చయ్యేది ఒక మధ్యాహ్నం, ఆయనకి మిగిలేది ఒక అప్పు.