ఆత్మనింద వినయము కాదు

మామిడితోటల నడుమనున్న మా తిరువూరులో ఇంటరు పరీక్షాఫలితములు వెలువడిన దినమున కొన్ని ఇండ్లలో వినవచ్చు మాటలు మూడే. ‘నేను దేనికిని కొఱగాను.’ ‘నా మొగమునకు చదువొకటా?’ ‘నా కర్మ మింతే.’ పలుకుచున్నవారు పదునేడేండ్ల బిడ్డలు. ఆ మాటలు విని పెద్దలు తలలూపుదురు. బిడ్డకు బుద్ధి వచ్చినదని లోలోపల సంతసింతురు. ఈ సంతోషమునే మేము తప్పుపట్టుచున్నాము.

పశ్చాత్తాపము వేఱు, ఆత్మనింద వేఱు. ‘ఈ లెక్క నేను సరిగా నేర్వలేదు’ అనుట పశ్చాత్తాపము. లెక్క నేర్చుకొనినచో అది తీరును. ‘నేను మొద్దును’ అనుట తీర్పు. దానిపై అప్పీలు లేదు. ఇంతకును ఆ తీర్పు వ్రాసినదెవరు? బిడ్డ కాదు. ఐదేండ్లనాడు పాలచెంబు ఒలుకబోసినపుడు మనము విసరిన మాటయే నేడు వాని నోట పలుకుచున్నది. ‘పక్కింటివాని కాళ్లక్రింద దూరుము’ అనని ఇల్లు మనలో నెన్ని యున్నవి? ఈ వ్యాసము వ్రాయుచున్న మేమును ఆ మాట అనినవారమే.

తెలంగాణములో 2019 ఏప్రిలు 18వ తేదీన ఇంటరు ఫలితములు వచ్చినవి. కొలది దినములలోనే ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. పిమ్మట మార్కులు వేయుటలోనే తప్పులు దొర్లినట్లు బయటపడినది. తెలుగులో సున్న వచ్చినదన్న యొక బాలికకు మరల చూడగా 99 మార్కులు వచ్చినవి! ఇట్టి మరణములకు కారణ మొక్కటే యని మేమనము. కాని కాగితముపైనున్న అంకెను తమ విలువగా నమ్ముట బిడ్డలకు నేర్పినది మనము కాదా?

‘తనపై తాను దయ చూపుకొన్నచో సోమరి యగును’ అని కొందఱందురు. మన బంగినపల్లి చెట్టు ఒకయేడు విరగకాచి మఱుసటియేడు కాపు తగ్గించును. అపుడు రైతు చెట్టును తిట్టునా? పాదు త్రవ్వును, ఎరువు వేయును, తెగులేమైన నున్నదేమోయని ఆకు త్రిప్పి చూచును. అతనిని సోమరి యనువా రెవరు? చెట్టునకు దొరకిన న్యాయము బిడ్డకు దొరకకపోవుట వింత. అమెరికాలో బ్రైన్సు, చెన్ అను పరిశోధకులు 2012లో ప్రకటించిన ప్రయోగములలో, కఠినమైన పరీక్షలో తప్పిన పిదప తమపై తాము కరుణ వహింప నేర్చినవారే తరువాతి పరీక్షకు ఎక్కువసేపు చదివిరి. ఇది పాశ్చాత్యుల క్రొత్తమాట యనియు త్రోసివేయ వీలులేదు. బుద్ధఘోషుని విశుద్ధిమార్గము పదునైదువందల యేండ్ల క్రిందటనే మైత్రీభావనను తన నుండియే మొదలిడుమనినది. వినయమను పేర మనము పెంచినది మాత్రము దానికి విరుద్ధము.

గృహిణులారా, గృహస్థులారా! స్నేహితుడు తప్పినపుడు ‘నీవు దండుగ’ అని మీ బిడ్డ యనునా? అనడు, ప్రక్కన కూర్చుండును. ఆ మాట తనకును చెప్పుకొనవచ్చునని వానికి తెలుపుడు. అంతకుముందు మన నోట ‘నా బ్రతు కింతే’ అను మాట మానవలెను. వంటయింటిలో తల్లి తన్ను తాను తిట్టుకొనుచుండగా పిల్లలు వినుచునే యుందురు. ఫలితములు వచ్చిన సాయంకాలము ముందుగా అన్నము పెట్టుడు. మార్కులు మరల లెక్కింపించుటకును, సప్లిమెంటరీ పరీక్షకు ఫీజు కట్టుటకును గడువెప్పుడో మఱునాడు కనుగొనవచ్చును. బిడ్డ మాటలు మఱీ చీకటిగా నున్నచో ఒంటరిగా విడువక, 14416 అను టెలిమానస్ సంఖ్యకు ఆ రాత్రియే ఫోను చేయుడు. దానికి రుసుము లేదు.