పనితో కూడిన పట్టం: పసిబిడ్డల తల్లిదండ్రులకు చోటున్నదా?

పని చేస్తూ విద్య నేర్వడం మన సమాజానికి కొత్త కాదు. హైదరాబాదు మరమ్మతు దుకాణాలలో నేటికీ నేర్పేవాడు ఉస్తాదు, నేర్చుకొనేవాడు షాగిర్దు. ఆ విద్యకు లేనిది పట్టా ఒక్కటే. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2025లో వెలువరించిన మార్గదర్శకాలు ఆ లోటును కొంతవరకు తీర్చుతున్నవి. 3 సంవత్సరాల డిగ్రీలో 1 నుండి 3 సెమిస్టర్లు, 4 సంవత్సరాల డిగ్రీలో 2 నుండి 4 సెమిస్టర్లు విద్యార్థి ఒక సంస్థలో అప్రెంటిస్‌గా గడపవచ్చును. ఆ పనికి క్రెడిట్లు, భృతి కూడ లభిస్తాయి.

ఈ పద్ధతిని హృదయపూర్వకంగా స్వాగతిస్తున్నాను. అయితే దీనిని రూపొందించినవారి ఊహలో నిలిచిన విద్యార్థి ఎవరు? బహుశః పందొమ్మిదేళ్ళ అవివాహితుడు. సాయంత్రం ఇల్లు చేరగానే అన్నం వడ్డించే తల్లి ఉన్నవాడు. మన తరగతులలోనివారందరూ అటువంటివారు కారు. రెండవ సంవత్సరంలో నిఖా జరిగి, మూడవ సంవత్సరంలో చంకన బిడ్డతో పరీక్ష రుసుము చెల్లించడానికి వచ్చే అమ్మాయిలను మన కార్యాలయ గుమాస్తాలు ఎరుగుదురు. పగలు దుకాణంలో లెక్కలు వ్రాస్తూ, ఇద్దరు బిడ్డలను పోషిస్తూ, ఎన్నడో ఆగిన డిగ్రీని పూర్తిచేయగోరే యువకులూ ఉన్నారు. వీరిని ఈ కొత్త చదువు ఏ విధంగా ఆదరిస్తుంది?

1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం 18వ సెక్షను ప్రకారం అప్రెంటిస్ శిక్షణార్థియే కాని కార్మికుడు కాదు. కార్మిక చట్టాలు అతనికి వర్తించవు. పనిలో గాయపడితే పరిహారం ఇప్పించే ఏర్పాటు అదే చట్టంలో ఉన్నది. కాని 2017 సవరణతో ఉద్యోగినులకు దక్కిన 26 వారాల వేతనంతో కూడిన ప్రసూతి సెలవు అప్రెంటిస్ అయిన తల్లికి హక్కుగా సంక్రమించదు. ఇక భృతి సంగతి. 2019 నిబంధనలలో పట్టభద్ర అప్రెంటిస్‌కు నిర్ణయించిన కనీస మొత్తం నెలకు 9,000 రూపాయలు. ఒంటరి యువకునికి అది ఆసరా కావచ్చును. ఇంటి అద్దె, పాలు, బిడ్డ మందులు తానే చూసుకోవలసిన గృహస్థు దానిని నమ్ముకొని ఉన్న కొలువు వదలుకోగలడా?

ఇంగ్లండులో 2015లో ఆరంభమైన డిగ్రీ అప్రెంటిస్‌షిప్ వేరు మార్గం పట్టింది. అక్కడ అప్రెంటిస్ ముందు ఉద్యోగి, తరువాత విద్యార్థి. అతనికి జీతం ముడుతుంది. చదువు రుసుము అతనిపై పడదు. చదువుకు కేటాయించిన సమయం జీతపు గంటలలోనిదై ఉండాలి. 2022లో పూర్తికాలపు ఉద్యోగికి దానిని వారానికి కనీసం 6 గంటలుగా నిర్ణయించారు. ప్రసవం వంటి కారణాలతో చదువు నిలిపి, మరల కొనసాగించే వీలున్నది. అదంతా స్వర్గమని నేననను. ఆరు గంటలతో డిగ్రీ రాదు. మిగిలిన చదువంతా బిడ్డ నిద్రించిన పిదపనే. పైగా 2026 జనవరి నుండి స్నాతకోత్తర స్థాయి అప్రెంటిస్‌షిప్‌లకు ప్రభుత్వ నిధులను ప్రధానంగా 16 నుండి 21 ఏళ్ళ వయస్సులో చేరేవారికే పరిమితం చేశారు. ముప్పై ఏళ్ళ తల్లికి ఆ మెట్టు ఎక్కడం అక్కడ కూడ దుర్లభమైనది.

ఇటువంటివారికి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉన్నది కదా అని పెద్దలు అనవచ్చును. నిజమే. 1982లో హైదరాబాదులో వెలసి, 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు ధరించిన ఆ సంస్థ దేశంలో ఆ కోవకు చెందిన మొదటి విశ్వవిద్యాలయం. ఎందరో గుమాస్తాలను, గృహిణులను పట్టభద్రులను చేసింది. కాని పగటి పనినే పాఠంగా లెక్కించే సౌకర్యం ఇప్పుడు కలిగినప్పుడు, దాని అవసరం అత్యధికంగా ఉన్నవారినే రాత్రి చదువుకు మళ్ళించడం న్యాయమా?

చట్టాన్ని మార్చే శక్తి మన కళాశాలకు లేదు. ఒప్పందం వ్రాసుకొనే శక్తి ఉన్నది. మన విద్యార్థులను తీసుకొనే ప్రతి సంస్థతోను ప్రసవ సెలవు, తిరిగి చేరే హక్కు, మిగిలిన శిక్షణ పూర్తిచేసే గడువు కాగితంపై స్పష్టంగా ఉండాలి. నోటిమాట చాలదు. విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు కల్పించే నియమాలు చేసుకొమ్మని గ్రాంట్ల సంఘం 2021 డిసెంబరులోనే విశ్వవిద్యాలయాలను కోరింది. ఆ లేఖ ఆధారంగా మన పాలకవర్గం విశ్వవిద్యాలయానికి వ్రాయవచ్చును.

ఇందులో తండ్రులనూ మరువరాదు. బిడ్డకు జ్వరమని విద్యార్థిని సెలవడిగితే జాలిపడతాము, విద్యార్థి అడిగితే నవ్వుతాము. ఆ నవ్వు ఉపాధ్యాయుల గదిలో నేను పలుమార్లు విన్నాను.

అసలు మన విద్యార్థులలో బిడ్డలున్నవారు ఎందరో కళాశాల లెక్కలలో లేదు. రానున్న ప్రవేశాల దరఖాస్తులో ఆ ప్రశ్నకు ఒక గడి చేర్చవలసిందిగా పాలకవర్గాన్ని కోరుతున్నాను. జవాబు ఐచ్ఛికమనీ, దాని ఆధారంగా ఎవరికీ సీటు నిరాకరించబోమనీ ఆ గడి క్రిందనే అచ్చువేయాలి.